అతిథికి కాసినో, ఇంటివారికి నంబర్లు

అమెరికాలోని ఫ్లోరిడాకు దగ్గరలో ఉన్న ద్వీపాల దేశం బహామాస్ 1973 జూలై 10న స్వతంత్ర దేశమైంది. అప్పుడు అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలోని 26వ అధికరణం జాతి, పుట్టిన చోటు, రాజకీయాభిప్రాయం, రంగు, మత విశ్వాసం ఆధారంగా ఎవరిపైనా వివక్ష చూపే చట్టం చేయరాదని శాసిస్తుంది. ఆ అధికరణంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకదాని ప్రకారం, లాటరీలకూ జూదశాలలకూ లైసెన్సులు ఇచ్చేటప్పుడు, ఇతరులకు వర్తించని ఆంక్షలను బహామాస్ పౌరుల మీద మాత్రమే విధించవచ్చు. తన గడ్డ మీద తన పౌరుణ్ణే బయటివాడి కంటే ఒక మెట్టు కింద నిలబెట్టడానికి ఒక దేశం రాజ్యాంగంలోనే వీలు కల్పించుకుందంటే, ఆ నిర్ణయం వెనుక చాలా బలమైన భయమో చాలా బలమైన అవసరమో ఉండి ఉండాలి. బహామాస్ విషయంలో రెండూ ఉన్నాయి.

ఆ మినహాయింపు ఇప్పటికీ అక్షరాలా అమల్లో ఉంది. రాజధాని నసావ్‌లో వంతెన దాటి పారడైజ్ ఐలాండ్ మీద ఉన్న అట్లాంటిస్ కాసినోకు వెళ్లినా, కేబుల్ బీచ్ దగ్గర 2017లో తెరిచిన బహా మార్ కాసినోకు వెళ్లినా, ఉదయం ఓడ దిగి సాయంత్రం ఓడ ఎక్కే పర్యాటకుడు నిస్సంకోచంగా పందెం కాయవచ్చు. అతనికి పేకముక్కలు పంచే ఉద్యోగి మాత్రం, బహామాస్ పౌరుడైతే, డ్యూటీ దిగిన తరువాత అదే బల్ల ముందు ఒక్క డాలరు కూడా పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. రోజంతా వడ్డించిన చేతికి ఆ పంక్తిలో విస్తరి లేదు. శాశ్వత నివాసులకూ, వర్క్ పర్మిట్ మీద అక్కడ ఉంటున్న విదేశీయులకూ ఇదే నిషేధం వర్తిస్తుంది. అయితే అదే ఉద్యోగి ఇంటికి వెళ్లే దారిలో తన పేటలోని వెబ్ షాపులో, అంటే ఇంటర్నెట్ మీద పందేలు కాయించుకునే దుకాణంలో ఆగి, కాసినోలో మీట నొక్కి ఆడే స్లాట్ యంత్రానికి తోబుట్టువు లాంటి ఆటను కంప్యూటర్ తెర మీద చట్టబద్ధంగా ఆడుకోవచ్చు.

ఈ ఏర్పాటు బహామాస్ ప్రజలను కాపాడడం లేదని నేను నమ్ముతున్నాను. తలుపు దగ్గర నిలబడి ‘నువ్వెవరు’ అని మాత్రమే అడిగే చట్టం, లోపల ఆట ఎంత వేగంగా సాగుతుందో, ఇంటికి ఎంత దగ్గరగా ఉందో, ఏ వేళ వరకు తెరిచి ఉంటుందో పట్టించుకోదు. జూదం ఒక కుటుంబాన్ని ముంచేదీ లేనిదీ చాలా మటుకు ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది. వీటిలోనూ అన్నిటికంటే ముఖ్యమైనది వేగం, అంటే పందేనికీ ఫలితానికీ మధ్య ఉండే వ్యవధి.

మేము ఫ్లోరిడాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా మయామీ నుంచి ఓడెక్కించి నసావ్ చూపించడం మా పరిచయస్తుల ఇళ్లన్నిటిలో ఆనవాయితీ అయిపోయింది. ఆ ప్రయాణాల్లో నాకు మొదట ఎదురైన ఆట ఓడలోని బింగో. ఒక హాలులో వందమందికి పైగా కూర్చుంటారు. అయిదు నిలువు వరసలు, అయిదు అడ్డ వరసలు, నడుమ ఒక ఉచిత గడి ఉన్న కార్డులను ముందు పెట్టుకుని, 1 నుంచి 75 వరకు అంకెల్లో ఏది పిలుస్తారా అని చెవి ఒగ్గి ఉంటారు. మా తెలుగు సంఘాల ఉగాది, దీపావళి వేడుకల్లో ఆడే తంబోలాకు ఇది చాలా దగ్గర. అక్కడ 90 అంకెలు, మూడు వరసల్లో 15 గడులు నిండిన టికెట్టు, జల్దీ ఫైవ్, ఫుల్ హౌసీ ఉంటాయి. రెంటిలోనూ అంకె పిలిచేవాడు ఊపిరి తీసుకోవాలి, పక్కవాళ్లు తమ కార్డు చూసుకోవాలి, ఒకరు గెలిచామని కేక వేస్తే మిగతావాళ్లు అయ్యో అనుకోవాలి, కార్డు సరిచూసేదాకా అందరూ ఆగాలి. ఓడ కంపెనీకి ఇందులో మంచి లాభమే ఉంటుంది, కార్డుల ధర తక్కువేమీ కాదు. అయినా అక్కడ కూర్చున్న మనిషి గంటలో పోగొట్టుకోగలిగినదానికి ఒక హద్దు ఉంటుంది, ఎందుకంటే ఆట మనుషుల వేగంతో నడుస్తుంది. ఈ మధ్య ఓడల్లో కాగితపు కార్డుల బదులు చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలను కూడా అమ్ముతున్నారు. అవి పదుల కొద్దీ కార్డులను వాటంతట అవే గుర్తు పెట్టుకుంటూ పోతాయి. ఆడేవాడి ముందు తెర వెలుగుతుంది, అతను ఆటను చూస్తూ ఉంటాడు. బింగోలో కూడా మనిషి నిదానాన్ని తీసేయాలని చూస్తున్నారన్నది నాకు అక్కడే బోధపడింది.

ఓడ దిగి బే స్ట్రీట్‌లోకి వెళ్తే స్ట్రా మార్కెట్ వస్తుంది. తాటాకు సంచులూ టోపీలూ అమ్మే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. ఒక మధ్యాహ్నం మా అమ్మ సంచి బేరం చేస్తున్నప్పుడు, ఆ అమ్మే ఆవిడ పక్క దుకాణంలో ఉన్నామెను ‘ఏం పడింది’ అని అడిగింది. ఆమె ఫోన్ చూసి మూడు అంకెలు చెప్పింది. ఈవిడ తన చిన్న నోటు పుస్తకంలో ఆ అంకెలను తేదీ పక్కన రాసుకుని, తనది ఒక్క అంకెతో తప్పిపోయిందని నవ్వి, మళ్లీ సంచి ధర దగ్గరికి వచ్చింది. పడినది మయామీ నంబరు, అంటే ఫ్లోరిడా రాష్ట్ర లాటరీలో ఆ మధ్యాహ్నం వచ్చిన మూడంకెల ఫలితం. బహామాస్‌లో నంబర్ల ఆట, అంటే లాటరీలో పడబోయే అంకెల మీద పందెం కాయడం, చాలాకాలంగా ఇలాగే నడుస్తోంది. ఈ పందేలు కాయించుకునే నంబర్ల ఇళ్లు తమ సొంత డ్రాలు తీయడానికి బదులు మయామీ, న్యూయార్క్, షికాగో లాంటి అమెరికా లాటరీల ఫలితాలనే ఆధారం చేసుకున్నాయి. ఫలితాన్ని ఎవరూ తారుమారు చేయలేదన్న నమ్మకం ఆడేవారికి అలా దొరికింది. పగటి నంబరును ‘ఎర్లీ’ అనీ, రాత్రి నంబరును ‘లేట్’ అనీ అంటారు. కలలో కనిపించినవాటిని బట్టి, బిడ్డ పుట్టిన తేదీని బట్టి, ప్రమాదంలో నుజ్జయిన కారు నంబరును బట్టి పందెం కాస్తారు.

ఇది చూసినప్పుడు ప్రొద్దుటూరు వైపు పెరిగిన నాకు మట్కా గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్ నుంచి బొంబాయికి వచ్చే పత్తి ధరల మీద పందేలు కాయడంతో మొదలై, 1960ల్లో కుండలోంచి చీటీలు తీసే పద్ధతిలోకి మారిన ఆ ఆట, రాయలసీమ పట్టణాల్లో మగ్గాల సందుల దాకా పాకింది. టీ కొట్టు దగ్గర పందేలు తీసుకునే బీటరు చీటీ రాసేవాడు. సాయంత్రం ఓపెన్ అనే మొదటి ఫలితం, ఆ తరువాత క్లోజ్ అనే రెండో ఫలితం వచ్చేవి. ఆ ఆట ఎన్ని ఇళ్లలో మగ్గాలు అమ్మించిందో చూసినవాణ్ణి కాబట్టి దానికి మంచి పేరు తెచ్చిపెట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. కానీ ఒకటి మాత్రం చెప్పాలి. మా వీధిలోని ఒక నేతగాడు రోజూ ఓపెన్‌కూ క్లోజ్‌కూ నడుమ మగ్గం మీద కూర్చునేవాడు. ఫలితం రావడానికి ఇంకా గంటలు ఉండేవి కాబట్టి అతనికి పని చేయక తప్పేది కాదు. ఆ గంటల్లో భార్య అతనితో పోట్లాడగలిగేది, అప్పు ఇచ్చినవాడు వచ్చి తలుపు తట్టగలిగేవాడు, అతనే మనసు మార్చుకోగలిగేవాడు. ఆ ఆట ఫోన్లలోని యాప్‌లలోకి వచ్చాక ఆ గంటలు మాయమయ్యాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధాలు తెచ్చాయి. నిషేధం ఎంత వరకు ఫలిస్తుందన్నది వేరే చర్చ. అవి చేతిలోని తెర మీద దృష్టి పెట్టాయి, ఆడేవాడి పాస్‌పోర్టు మీద కాదు.

లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. ఫ్లోరిడా పిక్ త్రీ లాటరీలో మూడంకెలనూ వరసగా సరిగ్గా చెబితే డాలరుకు 500 డాలర్లు ఇస్తారు. గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటి. అంటే ఆడినవారి డబ్బులో సగం నిర్వాహకుడి దగ్గరే మిగులుతుంది. తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో ఆగుతుందోనని పందెం కాసే, రెండు సున్నాలున్న అమెరికా రూలెట్‌లో 38 గడులు ఉంటాయి, ఒక అంకె మీద గెలిస్తే 35 రెట్లు ఇస్తారు, కాబట్టి నూటికి అయిదు డాలర్ల పై చిలుకే కాసినోకు మిగులుతుంది. ఈ రెంటిని పక్కపక్కన పెడితే లాటరీయే దోపిడీ అనిపిస్తుంది. అయితే రోజుకు రెండు డ్రాలకూ ఒక్కో డాలరు పెట్టే మనిషి సగటున రోజుకు ఒక డాలరు పోగొట్టుకుంటాడు. ఇప్పుడు నూటికి పది మాత్రమే మిగుల్చుకునే ఒక స్లాట్ ఆటను ఊహించండి. నిమిషానికి పదిసార్లు మీట నొక్కుతూ, నొక్కిన ప్రతిసారీ ఒక డాలరు పెట్టేవాడు సగటున నిమిషానికి ఒక డాలరు, గంటకు అరవై డాలర్లు పోగొట్టుకుంటాడు. చూడ్డానికి ఉదారంగా కనిపించే ఆట, రోజుకు ఒక్క గంట ఆడినా, మనిషిని అరవై రెట్లు త్వరగా ఖాళీ చేయగలదు. నసావ్ వెబ్ షాపుల్లో ఈ రెండో రకం ఆటను ‘స్పిన్నింగ్’ అంటారు. అక్కడివాళ్లు తమ వాళ్ల గురించి బాధపడుతూ చెప్పేటప్పుడు నాకు ఎక్కువగా వినిపించిన మాట అదే. ఒకడు నంబర్లు ఆడుతున్నాడని చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో ఉండే చనువు, ఒకడు స్పిన్ చేస్తున్నాడని చెప్పేటప్పుడు ఉండదు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే 1960ల్లోకి వెళ్లాలి. అప్పటికి బహామాస్ బ్రిటిష్ వలస. తెల్లజాతి వ్యాపారుల ముఠా చేతుల్లో ప్రభుత్వం ఉండేది, దానికి బే స్ట్రీట్ బాయ్స్ అని పేరు. ఆ ప్రభుత్వంలో పర్యాటకాన్నీ ఆర్థిక వ్యవహారాలనూ చూసిన స్టాఫర్డ్ సాండ్స్ చొరవతో జూద నిషేధ చట్టం నుంచి మినహాయింపు దొరికి, 1964 జనవరిలో ఫ్రీపోర్ట్‌లో లుకాయన్ బీచ్ హోటల్ కాసినో తెరుచుకుంది. దాని వెనుక అమెరికా నేర ముఠాల హస్తం ఉందనీ, పాలకులకు సలహాదారుల ఫీజుల పేరుతో డబ్బు ముట్టిందనీ అమెరికా పత్రికలు బయటపెట్టాయి. 1967 జనవరి 10 ఎన్నికలతో నల్లజాతి మెజారిటీ మొదటిసారి అధికారంలోకి వచ్చింది, లిండన్ పిండ్లింగ్ ప్రభుత్వాధినేత అయ్యాడు. కాసినోల వ్యవహారం మీద ఆ ఏడాదే విచారణ సంఘం కూర్చుంది. తరువాత 1969లో వచ్చిన లాటరీలు, జూదాల చట్టం కాసినోలను ఉంచింది, బహామాస్ ప్రజలను బయట ఉంచింది. ఆ కాలంలో నేను అక్కడి పౌరుణ్ణి అయి ఉంటే ఈ నిర్ణయాన్ని సమర్థించేవాణ్ణేమో. విదేశీ ముఠాల జూదశాలల నుంచి కొత్తగా గొంతు దొరికిన పేద ప్రజలను దూరంగా ఉంచాలనుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పర్యాటకం మీదే బతికే దేశం కాసినోలను మూసేయలేకపోవడం కూడా అర్థమయ్యే విషయమే. నాలుగు లక్షల జనాభా ఉన్న ఆ దేశానికి 2024లో కోటి మందికి పైగా సందర్శకులు వచ్చారు, వారిలో అత్యధికులు ఓడల్లో వచ్చినవాళ్లే.

నా అభ్యంతరం ఆ తరువాతి కాలం గురించి. కాసినోకు వెళ్లలేని జనం నంబర్లు ఆడారు. అది చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, ఎక్కడ ఆడతారో కూడా అందరికీ తెలుసు. ఇంటర్నెట్ వచ్చాక నంబర్ల ఇళ్లు వెబ్ షాపులయ్యాయి. పేరుకు అవి ఇంటర్నెట్ కేంద్రాలు. ఆడేవారికి ఖాతాలు తెరిచాయి, రంగురంగుల బోర్డులు పెట్టాయి, నంబర్ల పక్కన స్పిన్నింగ్ ఆటలను చేర్చాయి. బే స్ట్రీట్ వెనుక గుట్ట దాటితే వచ్చే ఓవర్ ద హిల్ పేటల్లో, బెయిన్ టౌన్, గ్రాంట్స్ టౌన్ లాంటి పాత నల్లజాతి పేటల్లో, అవి చర్చిలతో పోటీపడి కనిపిస్తాయి.

2013 జనవరి 28న ప్రధాని పెర్రీ క్రిస్టీ ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. రెండు ప్రశ్నలు అడిగారు: వెబ్ షాపులను చట్టబద్ధం చేసి పన్ను వేయవచ్చా, జాతీయ లాటరీ పెట్టవచ్చా. బహామాస్ క్రైస్తవ మండలి వద్దని ప్రచారం చేసింది. ఓటు వేయడానికి వచ్చినవారు తక్కువే అయినా, వచ్చినవారిలో మెజారిటీ రెంటినీ తిరస్కరించారు. అయినా 2014లో పార్లమెంటు కొత్త జూద చట్టం చేసి వెబ్ షాపులకు గేమింగ్ హౌసుల పేరుతో లైసెన్సులు ఇచ్చింది. అదే చట్టంలో కాసినోల తలుపు పౌరులకు మళ్లీ మూసి ఉంచింది. ప్రజలు వద్దన్న రెండింటిలో ప్రైవేటు వ్యాపారులకు లాభం వచ్చేది అమల్లోకి వచ్చింది, ప్రజల ఖజానాకు చేరవలసిన లాటరీ మూలన పడింది. ఈ ఒక్క సంగతి నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

ఎందుకంటే స్ట్రా మార్కెట్ ఆవిడ నోటు పుస్తకంలో రాసుకున్న అంకెలు మా రాష్ట్రానివి. ఫ్లోరిడా లాటరీ లాభం విద్యానిధికి వెళ్తుంది, ఆ నిధి నుంచే 1997 నుంచి బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నారు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ స్కాలర్‌షిప్‌తో కాలేజీ ఫీజు గట్టెక్కిన పిల్లలు చాలామంది ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు. సముద్రం అవతల మూడు వందల కిలోమీటర్ల దూరంలో అవే అంకెల మీద కాసిన డబ్బు ప్రైవేటు యజమానుల పెట్టెల్లో పడుతుంది. 2018 బడ్జెట్‌లో వెబ్ షాపుల ఆదాయం మీద అంచెలంచెలుగా 50 శాతం దాకా పన్ను వేయబోతే యజమానులు కోర్టుకెక్కారు, చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆదాయపు పన్ను లేని ఆ దేశంలో అదే ఏడాది జూలైలో వ్యాట్‌ను 7.5 నుంచి 12 శాతానికి పెంచారు, 2022లో తగ్గించేదాకా అది అలాగే ఉంది. తాటాకు సంచి అమ్ముకునే ఆవిడ ఒక బల్బు కొన్నా దాని బరువు ఏదో రూపంలో ఆవిడ మీదే పడింది.

ప్రభుత్వమే ఆట నడిపితే అన్నీ చక్కబడతాయని కూడా అనుకోవద్దు. ట్రినిడాడ్‌లో చైనా వలసదారులు తెచ్చిన ‘వే వే’ అనే ఆట ఉంది. 1 నుంచి 36 వరకు ప్రతి అంకెకూ ఒక గుర్తు ఉంటుంది: 1 జెర్రి, 4 చనిపోయిన మనిషి, 19 గుర్రం, 20 కుక్క, 36 గాడిద. కలలో గుర్రం కనిపిస్తే 19 మీద పెడతారు. బ్యాంకరు ముందుగానే ఒక గుర్తును రహస్యంగా ఎంచుకుని మడిచిపెట్టి, సమయానికి అందరి ముందూ విప్పుతాడు. బ్యాంకరు మనసులో ఏముందో కనిపెట్టడం, ఎవరికి ఏ కల వచ్చిందో ఊరంతా చర్చించుకోవడం ఆ ఆటకు ప్రాణం. చాలాకాలం దాన్ని నేరంగా చూసిన ఆ దేశంలో, 1994లో జాతీయ లాటరీల బోర్డు ‘ప్లే వే’ పేరుతో అదే 36 గుర్తుల ఆటను తానే మొదలుపెట్టింది. డబ్బు ఖజానాకు రావడం మంచిదే. కానీ ఇప్పుడు రోజుకు నాలుగు డ్రాలు తీస్తున్నారు. జమైకాలో ‘డ్రాప్ పాన్’ అనే పాత చైనా ఆట నుంచి పుట్టిన ‘క్యాష్ పాట్’ను ఒక ప్రైవేటు సంస్థ 2001 నుంచి నడుపుతోంది, అక్కడ రోజుకు ఆరు డ్రాలు. రాబడి రుచి తెలిసిన చేయి, అది సర్కారుదైనా సావుకారుదైనా, డ్రాకూ డ్రాకూ మధ్య ఉన్న గంటలనే ముందుగా కొరుకుతుంది.

పౌరుల నిషేధాన్ని సమర్థించేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. నేపాల్‌లోనూ కాసినోలు నేపాలీలకు నిషిద్ధమే, మన ఇండియన్లకు మాత్రం ద్వారాలు తెరిచే ఉంటాయి. దక్షిణ కొరియాలో ఒక్క కాసినోలోకే కొరియన్లను రానిస్తారు. సింగపూర్ తన పౌరుల నుంచి రోజుకు 150 సింగపూర్ డాలర్ల ప్రవేశ రుసుము వసూలు చేస్తుంది. జీతం అందిన రాత్రే అద్దె డబ్బు పోగొట్టుకునే మనిషి కుటుంబం ఆ ఊళ్లోనే ఉంటుంది, ఆ నష్టాన్ని ఆ ఊరే మోయాలి. పర్యాటకుడి నష్టాన్ని అతను తనతోనే తీసుకుపోతాడు. ఈ తర్కం నిజమే. కాని ఆ తర్కాన్ని నమ్మే ప్రభుత్వం, స్పిన్నింగ్ ఆటను అదే అద్దె ఇళ్ల పక్క సందులో ఎలా అనుమతించింది? సింగపూర్ రుసుము ఆడేవాణ్ణి గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆపుతుంది. వెబ్ షాపు గుమ్మం ఎవరినీ ఆపదు, ఫోన్‌లో ఖాతా ఉంటే గుమ్మం కూడా అక్కర్లేదు.

వెబ్ షాపులను ఒక్కరోజులో మూసేయమని అడిగేవారితోనూ నేను ఏకీభవించను. వాటిలో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు. చిన్న ద్వీపాల్లో బ్యాంకులు శాఖలు మూసుకుని పోతుంటే, డబ్బు దాచుకోవడానికీ పంపుకోవడానికీ జనం ఈ ఖాతాలనే నమ్ముకున్నారు. బహామాస్‌లో ‘ఆసూ’ అని ఒక పద్ధతి ఉంది. కొంతమంది కలిసి వారం వారం సమానంగా వేసుకుని, మొత్తం వంతుల ప్రకారం ఒక్కొక్కరూ తీసుకుంటారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ ఆచారం మన చీటీలకు దగ్గరి బంధువు. ఆ దేశంలో ఒక వెబ్ షాపు సంస్థ పేరులోనే ఆసూ అన్న మాట ఉంది. పొదుపు మీద జనానికున్న గౌరవాన్ని జూదం ఎంత నేర్పుగా అరువు తెచ్చుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే నంబర్ల ఆటను కాదు, దాని చాటున లోపలికి వచ్చినదాన్ని వేరు చేయాలని నేను అంటున్నాను.

నంబర్లను రోజుకు రెండు డ్రాలకు పరిమితం చేసి, 2013లో తిరస్కరించిన జాతీయ లాటరీని మళ్లీ ప్రజల ముందు పెట్టి, ఆ డబ్బు ఏ బడికి, ఏ ద్వీపంలోని ఆసుపత్రికి వెళ్తుందో బిల్లులోనే రాయాలి. స్పిన్నింగ్‌ను పేటల్లోంచి, ఫోన్లలోంచి తీసేయాలి. దాన్ని ఆడాలనుకునే పెద్దవాళ్లు కాసినోలోకే వెళ్లి, అతిథులతో పాటు అదే బల్ల దగ్గర, అదే నిబంధనల కింద ఆడాలి. కావాలంటే సింగపూర్ లాగా రుసుము పెట్టవచ్చు, నెలకు ఇన్నిసార్లే అని హద్దు గీయవచ్చు. నాకు ఈ రెండింటిలో ఒకటే దక్కుతుందంటే, కాసినో తలుపు తెరవడం కంటే ముందు ఓవర్ ద హిల్‌లోని తెరలను ఆర్పమనే అడుగుతాను. రాజ్యాంగంలోని ఆ మినహాయింపును తొలగించాలంటే పార్లమెంటు ఒప్పుకున్నాక ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగాలి, కాబట్టి దానికి సమయం పడుతుంది. తెరలు ఏ వేళకు ఆరాలో నిర్ణయించడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు, లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు.